బూడిద వెలుగు

ఇంగ్లండులో మూతపడిన చర్చిల సామాను అమ్మే యార్డుల్లో ఇత్తడి వేలాడు దీపాలకు మంచి గిరాకీ. హాల్లో వేలాడదీద్దామని కొనేవాళ్ళు గాజు షేడ్లు బీటలిచ్చాయా, ఇత్తడికి మెరుగు పెట్టించాలా అని చూస్తారు. నేనైతే ముందు కొమ్మ మీద చిన్న తిప్పుడు బిళ్ల ఉందేమో వెతుకుతాను. ఉంటే అది పుట్టుకతో గ్యాసు దీపం, కరెంటు తర్వాత వచ్చి చేరింది. కొత్తగా పోతపోసిన నకళ్ళకూ అలంకారానికి బిళ్ల తగిలిస్తారు గనక, అది నిజంగా తిరుగుతుందా, కొమ్మ లోపల బోలుగా ఉందా అన్నది తేల్చుకోవాలి. ఇంకో ఆనవాలుంది. మంట పైకే లేస్తుంది కాబట్టి తొలినాళ్ళ గ్యాసు దీపాల షేడ్లు కప్పు వైపు నోరు తెరిచి ఉంటాయి. బల్బు తలకిందులుగానైనా వెలుగుతుంది. ఒకే దీపానికి కొన్ని కొమ్మలు పైకి, కొన్ని కిందికి ఉన్నాయంటే, చేయించినవాళ్ళకు కరెంటు మీద ఇంకా గురి కుదరలేదన్నమాట!

అదృష్టం బాగుంటే పాత బర్నరు కూడా దొరుకుతుంది. దాని మీద ఉండేదే మాంటిల్. పెళ్ళి ఊరేగింపుల్లో నెత్తిన మోసిన పెట్రోమాక్స్ లైట్లో తెల్లగా మండే సంచీ చూసినవాళ్ళకు దాని గురించి వేరే చెప్పక్కర్లేదు. కొత్త సంచీ కట్టి అంటిస్తే నూలు కాలిపోతుంది, అల్లిక మాత్రం నిలుస్తుంది. వేలు తగిలితే పొడిపొడి. క్లాసులో ఇది చెబుతుంటే ఒక అమ్మాయి లేచి, "కాలిపోయాక మిగిలింది బూడిదే కదా సార్, బూడిదెట్లా వెలుగుతుంది?" అంది.

మామూలు గ్యాసు మంట పసుప్పచ్చగా వెలిగేది అందులో కాగిన మసి రేణువుల వల్ల. జర్మనీలో బున్‌సెన్ 1855 ప్రాంతంలో గ్యాసుకు ముందే గాలి కలిపి మండించాడు. మసి పోయింది, వేడి పెరిగింది, వెలుగు దాదాపు ఆరిపోయింది. ఆయన దగ్గర చదువుకున్న ఆస్ట్రియావాడు కార్ల్ అవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ గురువుగారి నీలిమంటను తీసుకుని, అందులో మసికి బదులు మరోటి పెట్టాడు. నూలు అల్లికను అరుదైన లోహాల లవణాల్లో నానబెట్టి కాల్చాడు. గుడ్డ పోయి, ఆ లోహాల ఆక్సైడ్లు గుడ్డ రూపంలోనే మిగిలాయి. అమ్మాయి అడిగిన బూడిద ఇదే: ఇక కాలడానికి ఏమీ లేనిది, కాగడం ఒక్కటే తెలిసినది. 1885లో పేటెంటు తీసుకున్న మొదటి రకం ఆకుపచ్చ ఛాయలో వెలిగింది, అమ్ముడుపోలేదు. 1891లో పాకం కుదిరింది: థోరియం ఆక్సైడ్ 99 పాళ్ళు, సీరియం ఆక్సైడ్ 1.

ఆ ఒక్క పాలు దగ్గరే నాకు మోజంతా. కాగిన వస్తువేదైనా తన శక్తిలో ఎక్కువ భాగాన్ని కంటికి కనపడని పరారుణ కిరణాలుగా ఒలకబోస్తుంది. థోరియం ఆక్సైడ్ ఈ విషయంలో పరమ పిసినారి. పరారుణంలో చాలా తక్కువే విడుస్తుంది. 3,300 డిగ్రీల సెల్సియస్ దాటితే గానీ కరగదు. పోగులు సన్నం కాబట్టి మంట వేడిని ఇట్టే అందుకుని అలాగే నిలుపుకుంటుంది. చిక్కల్లా, వెలుగు విషయంలోనూ అదే పిసినారితనం. ఒట్టి థోరియంతో చేసిన మాంటిల్ మసకగా ఉంటుంది. అందులో చిటికెడు సీరియం పడితే, మంట వేడిలో అది కంటికి కనిపించే కాంతిని ధారాళంగా వదులుతుంది. అయితే ఇంకాస్త వేద్దామంటే కుదరదు. సీరియం పెరిగేకొద్దీ పరారుణంగా పోయే శక్తీ పెరిగి, మాంటిల్ చల్లబడి, వెలుగు పడిపోతుంది. పిసినారి ఇంట్లో దుబారా మనిషి ఒక్కడుంటేనే ఈ కాపురం సాగేది.

ఎడిసన్ బల్బు వచ్చాక ఇక తమ పని అయిపోయిందనుకున్న గ్యాసు కంపెనీలకు ఈ సంచీ ప్రాణం పోసింది. అదే గ్యాసుకు ఎన్నో రెట్ల వెలుగు వస్తుంటే చర్చిలవాళ్ళు కరెంటు తీగలకు తొందరపడతారా? తమాషా ఏమిటంటే, గ్యాసును బతికించిన అవర్ 1898లో అవతలి పక్షానికీ సాయం పట్టాడు. ఎడిసన్ బొగ్గు తీగకు బదులు ఆస్మియం లోహపు తీగతో బల్బు చేశాడు. ఆస్మియం, వుల్ఫ్రమ్ (అంటే టంగ్‌స్టన్) కలిపి పెట్టిన పేరే బల్బుల మీద కనిపించే ఆస్రామ్. ఆ తర్వాతి కథ తెలిసిందే. టంగ్‌స్టన్ వచ్చింది, గ్యాసు వెనక్కి తగ్గింది, చర్చి దీపాల కొమ్మల్లోకి వైర్లు దూరాయి.

ఈలోగా థోరియం కోసం మోనజైట్ ఇసుక వేట సాగింది. 1909లో తిరువాన్కూరు కొబ్బరి పీచుకు అంటుకొచ్చిన ఇసుకలో అది బయటపడింది. మన భీమిలి తీరపు ఇసుకలోనూ ఉంది. మోనజైట్లో సీరియం దండిగా ఉంటుంది, మాంటిల్‌కు కావలసింది నూటికొక పాలు. మిగిలినదాన్ని ఏం చేయాలో తోచక కుప్పలు పడుతుంటే, అవరే దాన్ని ఇనుముతో కలిపి 1903లో నిప్పురవ్వలు రాల్చే మిశ్రమం చేశాడు. సిగరెట్ లైటర్లో రాయి అంటామే, అది రాయి కాదు, ఈ మిశ్రమమే.

అలాంటి దీపం ఇంటికి తెచ్చుకుంటే పాత వైరు మొత్తం తీయించి కొత్తది వేయించండి. రబ్బరు తొడుగు ఎప్పుడో పెళుసెక్కి ఉంటుంది, దీపమంతా ఇత్తడి కాబట్టి ఎర్తింగు తప్పదు. బర్నరుకు తెల్లటి పెచ్చులు అంటుకుని ఉంటే నలపకండి, ఊదకండి. థోరియం రేడియోధార్మికం, దాని ధూళి ఊపిరితిత్తుల్లోకి పోకూడదు. హోల్డరు బిగించడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ బర్నరు ఊడదీసి అవతల పారేయబోతాడు. ఆ ముక్క మాత్రం అడిగి తీసుకుని దాచండి.