తాడు పురి ఎందుకు విడిపోదు?

ఒక్క గోగునార పోగును లాగితే పుటుక్కున తెగుతుంది. అలాంటి పోగులనే పేనితే ఎద్దును ఆపే పగ్గం అవుతుంది! నల్గొండ, మహబూబ్‌నగర్ పల్లెల్లో రైతులు గోగునార, జనుపనారతో పగ్గాలు, తలుగులు ఇంట్లోనే పేనుకునేవారు.

ఇంత బలం ఎలా వస్తుంది?
పురి పెట్టినప్పుడు పోగులు ఒకదాన్నొకటి గట్టిగా ఒత్తుకుంటాయి. ఆ రాపిడి వల్ల జారవు. తాడును లాగినకొద్దీ పట్టు ఇంకా బిగుస్తుంది.

మరి పురి ఎందుకు విడిపోదు?
కొన్ని పోగులు కలిపితే ఒక పేట. ఒక్కో పేటను ఒకవైపు తిప్పి, ఆ పేటలన్నిటినీ కలిపి దానికి ఎదురువైపు పేనుతారు. పేట తన పురి విప్పుకోవాలని చూసిన ప్రతిసారీ తాడు పురి బిగుస్తుంది. రెండు బలాలు సరితూగి తాడు నిలుస్తుంది.

తెరచాప ఓడల నమూనాలు చేసేవారూ సన్నని దారాలను ఇలాగే పేనుతారు. నమూనా అసలు ఓడలో 50వ వంతు ఉంటే, 5 సెంటీమీటర్ల మందం తాడు అక్కడ 1 మిల్లీమీటరే!

మీరూ చేయండి
మీటరు నూలుదారం తీసుకోండి. ఒక కొనను కిటికీ ఊచకు, రెండో కొనను పెన్సిలుకు కట్టండి. దారాన్ని బిగువుగా పట్టి, మెలికలు పడబోయేదాకా పెన్సిలును ఒకేవైపు తిప్పండి. దారం మధ్యలో వేలు పెట్టి, రెండు కొనలనూ దగ్గరికి తెచ్చి కలిపి పట్టుకోండి. ఇప్పుడు వేలు మెల్లగా తీయండి. దారం తనంతట తానే ఎదురువైపు మెలిపడి రెండు పేటల తాడవుతుంది. కొనలు ముడివేయండి.

కృష్ణా నదిలో తిరిగే గుండ్రటి పడవ పుట్టి. దాని నమూనాను అట్టతో చేసి, మీరు పేనిన తాడునే దానికి కట్టండి.