చుట్టల పెట్టెతో చేసిన వాద్యము



వాద్యములను భరతముని నాట్యశాస్త్రమున నాలుగు తెగలుగా విభజించెను. తీగలు గలవి తతములు, చర్మముతో మూయబడినవి అవనద్ధములు, ఊదునవి సుషిరములు, తాళములవంటివి ఘనములు. వీనిలో డప్పును, పిల్లనగ్రోవిని పల్లెలవారు తామే చేసికొందురు. తతము మాత్రము నిపుణుడైన శిల్పి చేతనే కావలెననియు, వీణ కావలెనన్న బొబ్బిలికో నూజివీటికో పోవలెననియు మనవారి నమ్మకము. పనసమ్రానిని తొలిచి చేసిన యేకాండి వీణ విషయమున ఆ మాట నిజమే. కాని తీగవాద్యమెల్ల అట్టిదే యనుట సరికాదు. అమెరికా దేశమున కూటికి చాలని జనులు పాఱవేసిన వస్తువులతో తంత్రీవాద్యమును కల్పించుకొనిరి. దానిని చుట్టల పెట్టె గిటారు అందురు. గిటారనగా మన వీణవలె మెట్లు గల పాశ్చాత్యవాద్యము. ఆ పెట్టెవాద్యము పుట్టిన విధమును, అది పలుకుటకు గల కారణమును నేడు మనవి చేసెదను.

ముందుగా పెట్టె సంగతి. 1861 మొదలు 1865 వఱకు అమెరికాలో ఉత్తర రాష్ట్రములకును దక్షిణ రాష్ట్రములకును అంతర్యుద్ధము జరిగెను. ఆ దశకముననే ప్రభుత్వము చుట్టలపై పన్ను విధించి, వానిని పెట్టెలలో నుంచి, పెట్టెపై పన్నుముద్ర నంటించి గాని అమ్మరాదని శాసించెను. ఒకసారి వాడిన పెట్టెను మఱల చుట్టలకు వాడుటయు నిషిద్ధమయ్యెను. అందువలన ఖాళీపెట్టెలు ఇంటింటను మిగిలెను. వానిలో పెక్కు స్పానిషు సీడరు అను కఱ్ఱతో చేసినవి. పేరు దేవదారువును తలపించినను ఆ చెట్టు మన వేప కుటుంబములోనిది. కఱ్ఱ తేలిక, పలక పలుచన. పన్ను ఎగవేతను మాన్పుటకై చేసిన చట్టము ఈ విధముగా బీదవానికి మ్రోగెడి పెట్టెను సమకూర్చి పెట్టెను.

ఎడ్విన్ ఫోర్బ్సు అను చిత్రకారుడు ఆ యుద్ధమున సైనికుల శిబిరములను కన్నులార చూచినవాడు. 1876లో వెలువడిన అతని చిత్రములలో ఒకదానియందు సైనికుడొకడు చుట్టల పెట్టెతో చేసిన ఫిడేలును వాయించుచు కనబడును. 1880ల దశకములో డేనియల్ కార్టర్ బియర్డు అనునాయన అట్టి పెట్టెతో బాంజో అను వాద్యమును చేయు విధమును బాలురకై వ్రాసి ప్రకటించెను. 1910లో అమెరికా బాలభటసంఘమును స్థాపించినవారిలో ఈయన యొకడు.

దక్షిణ రాష్ట్రములలో 1865లో దాస్యవిముక్తులైన నల్లజాతివారు పెక్కుమంది కౌలుదార్లై బ్రతికిరి. వారి పిల్లలు చీపురుకట్టకు చుట్టిన తీగను విప్పి, ఇంటి గోడకు మేకులతో బిగించి, క్రింద సీసా నెట్టి మీటెడివారు. దాని పేరు డిడ్లీ బో. ఆ గోడతీగయు, ఈ పెట్టెయు ఎందఱికో తొలి గురువులయ్యెను. టెక్సాసు గాయకుడు లైట్నిన్ హాప్కిన్సు (1912–1982) చిన్ననాడు తానే చుట్టల పెట్టెతో గిటారు చేసికొంటినని చెప్పుకొనెను. 1956లో వెలువడిన పాటతో ప్రసిద్ధుడైన కార్ల్ పెర్కిన్సు (1932–1998) టెనెస్సీ రాష్ట్రములో బీదకౌలుదారు కొడుకు. అతనికి తండ్రి చుట్టల పెట్టెకు చీపురుకఱ్ఱ తగిలించి తొలి గిటారు చేసియిచ్చెనందురు.

ఇక వాద్యము పలుకు కారణమును చూతము. బిగించిన తీగ సన్నము గనుక గాలిని కొంచెమే కదల్చును. ధ్వని అల్పముగా నుండును. ఆ తీగను గుఱ్ఱముపై ఆనించినచో దాని కంపము పెట్టె మూతకు దిగును. మూత వెడల్పైనది గనుక చాల గాలిని కదల్చి నాదమును పెంచును. వీణకు కుండ చేయు పని యిదియే.

దండి విషయమున జాగ్రత్త వలయును. మూడు ఉక్కుతీగలు కలిసి ఇంచుమించు 20 కిలోల బరువుతో లాగును. పలుచని పెట్టె ఆ లాగుడుకు నిలువదు. కావున ఒకే కఱ్ఱను పెట్టె యీకొననుండి ఆకొనకు లోపలగుండ దూర్చవలెను. లాగుడంతయు కఱ్ఱ భరించును. పెట్టె పలుకుటకు స్వేచ్ఛగా నుండును. పాత కిటికీచట్టపు టేకుముక్క, ఆఱి తిన్ననైనది, ఇందులకు చాలును. మూతక్రింద కఱ్ఱను కొంచెము చెక్కి మూతకు తగులకుండ చేయవలెను. తగిలినచో నాదము చచ్చును. మేరువుగా ఇనుపబోల్టు ముక్కయు, గుఱ్ఱముగా గట్టికఱ్ఱ ముక్కయు చాలును. వాడుకలో మూడు తీగలను షడ్జ, పంచమ, తారషడ్జములకు శ్రుతిచేయుదురు. తంబురా ఎఱిగినవారికి ఇది క్రొత్తగాదు.

అసలు విద్య కొలతలో నున్నది. మేరువునకు గుఱ్ఱమునకు నడుమ 24 అంగుళములు ఉంచుడు. విడితీగ షడ్జమనుకొనుడు. సగమున, అనగా 12 అంగుళములకడ, నొక్కిన తారషడ్జము పలుకును. మేరువునుండి మూడవవంతున, 8 అంగుళములకడ, పంచమము. నాలుగవవంతున, 6 అంగుళములకడ, శుద్ధమధ్యమము. ఐదవవంతున, అనగా 4.8 అంగుళములకడ, అంతరగాంధారము. తొమ్మిదవవంతున, 2⅔ అంగుళములకడ, చతుశ్శ్రుతి రిషభము. 9.6 అంగుళములకడ ధైవతము, 11.2 అంగుళములకడ కాకలినిషాదము గుర్తించినచో శంకరాభరణపు స్వరములన్నియు దండిపై నిలిచినట్లే.

పాశ్చాత్యులు స్థాయిని పండ్రెండు సమభాగములు చేయుదురు. గెలీలియో తండ్రియగు విన్సెంజో గెలీలీ 1581లో దీనికొక సులభసూత్రము చెప్పెను: మిగిలిన తీగలో పదునెనిమిదవ వంతును ప్రతిసారియు తీసివేయుచు పోవలెను. పండ్రెండు మాఱులు తీసినచో 12 అంగుళములు మిగులవలసినచోట 12.09 మిగులును. తేడా అంగుళములో పదవవంతునకు లోపే. నేటివారు 18కి బదులు 17.817తో భాగించి ఆ తేడాను కూడ తొలగింతురు. మెట్లకు మేకుముక్కలను పొదుగవచ్చును. మెట్లే లేక సీసామెడను తీగపై జాఱించి వాయించువారును కలరు; మన గోటువాద్యమున కఱ్ఱముక్కను జాఱించుట వంటిదే యది.

ఈ పెట్టె వీణకు సాటియని నేననను. తీగను లాగి గమకములు పలికించుటకు ఇది అంతగా అనుకూలింపదు. కాని స్వరస్థానములను చెవికి పట్టించుటకు చాలును. వాద్యము కొను స్తోమత లేక బిడ్డ కోరికను అణచివేసిన యిండ్లు మన పల్లెలలో కొల్లలు. మనుమడు పాతపెట్టెకు తీగ కట్టి కూర్చున్నప్పుడు వస్తువు పాడుచేసితివని కసరుకొనకుడు. తీగ తెగి కంటికి తగులకుండ ముఖమును దూరముగా నుంచి, మెల్లగా బిగింపుమని చెప్పుడు. పిమ్మట కొలబద్దను చేతికిచ్చి, సగమెక్కడ, మూడవవంతెక్కడ, నాలుగవవంతెక్కడ అని అడుగుడు. బిడ్డ గుర్తు పెట్టిన చోట నొక్కి మీటినప్పుడు పంచమము సరిగా పలికినదో లేదో మీ చెవియే చెప్పును. పలుకనిచో పెట్టెను నిందింపక, మఱల కొలిపింపుడు.