మీ ఆధార్‌ను ఎవరు వాడారు? ఆరు నెలల చిట్టా మీ ఫోన్‌లోనే!

కంచికచర్లలో రేషన్ డిపోకి వెళ్తే ఈ-పోస్ మిషన్ మీద వేలు పెట్టాలి. ఆధార్‌తో డబ్బులు తీయాలన్నా, కొత్త సిమ్ కావాలన్నా మళ్లీ వేలే. పెట్టిన ప్రతిసారీ ఒక రిక్వెస్ట్ ఏపీఐ ద్వారా, అంటే ఒక కంప్యూటర్ మరో కంప్యూటర్‌ని అడిగే దారిలో, యూఐడీఏఐ సర్వర్‌కు వెళ్తుంది. అక్కడ లాగ్‌లో ఎంట్రీ పడుతుంది.

మరి మీరు వేలు పెట్టకుండానే ఎంట్రీ పడితే?

2018లో తెలంగాణలోని పెద్దపల్లి జిల్లా ధర్మారం కేసులో జరిగింది అదే. భూమి దస్తావేజుల్లోని వేలిముద్రలతో నకిలీ రబ్బరు ముద్రలు చేసి, ఓ సిమ్ డీలర్ వేల సిమ్‌లు యాక్టివేట్ చేశాడని పోలీసులు చెప్పారు. ఈ-కేవైసీ రిక్వెస్టులు తేడాగా కనిపించడంతోనే తీగ దొరికింది.

మీ చిట్టా మీరూ చూడొచ్చు. ఆధార్‌కు లింకైన మొబైల్ ఉంటే చాలు. మై ఆధార్ పోర్టల్‌లో ఓటీపీతో లాగిన్ అయి ‘ఆథెంటికేషన్ హిస్టరీ’ నొక్కండి. గత 6 నెలల్లో గరిష్ఠంగా 50 ఎంట్రీలు వస్తాయి. తేదీ, టైమ్, వేలిముద్రా ఓటీపీనా, అడిగిన సంస్థ పేరు, సక్సెసా ఫెయిలా... అన్నీ ఉంటాయి. దేనికోసం అడిగారన్నది మాత్రం ఉండదు. ఆ వివరం యూఐడీఏఐ తీసుకోకూడదని ఆధార్ చట్టమే చెబుతోంది.

ఒకే రోజు నాలుగు ఫెయిల్స్ కనిపించగానే కంగారుపడొద్దు. పొలం పనులతో వేళ్లు అరిగిన పెద్దవాళ్లకు రేషన్ డిపోలో ఇది మామూలే. మీరు ఎప్పుడూ వెళ్లని సంస్థ పేరో, అర్ధరాత్రి వేలిముద్ర సక్సెసో కనిపిస్తే మాత్రం వదలొద్దు. ట్రాన్సాక్షన్ కోడ్‌తో సహా స్క్రీన్‌షాట్ తీసి 1947కి ఫోన్ చేయండి. ఆ సంస్థ దగ్గరా సొంత లాగ్ ఉంటుంది, ఏ మిషన్ నుంచి రిక్వెస్ట్ వచ్చిందో తేలేది అక్కడే. డబ్బు పోతే వెంటనే 1930కి, బ్యాంకుకు చెప్పాలి. ఆలస్యం చేస్తే పాత ఎంట్రీలు కనిపించవు.

అదే పోర్టల్‌లో బయోమెట్రిక్ లాక్ కూడా ఉంది. అది వేస్తే మీ వేలిముద్రతో ఎవరు అడిగినా రిక్వెస్ట్ ఫెయిలే. అయితే రేషన్‌కి వెళ్లే ముందు అన్‌లాక్ చేసుకోవడం మరిచిపోవద్దు, లేదంటే క్యూలో నిలబడి కూడా ఖాళీ సంచితో తిరిగి రావాలి.