గ్రీజు కాదు.. నూనె పట్టించండి!

పాత హెరాల్డు, స్పిట్‌ఫైర్ ముందు చక్రాలకు తుప్పు గండం

చెన్నై: గేటు ముందు స్టీరింగు పూర్తిగా తిప్పి కారు వెనక్కి తీస్తుంటారు. టక్కుమని చప్పుడు. ముందు మూల ఒక్కసారిగా కూలబడుతుంది. దిగి చూస్తే చక్రం విరిగిన కాలిలా మడ్‌గార్డు కింద వాలిపోయి ఉంటుంది. పాత స్టాండర్డ్ హెరాల్డు ఉన్నవాళ్ల భయమంతా ఇదే. ఇంటి ముందు జరిగితే అదృష్టమే అనుకోవాలి. జీఎస్‌టీ రోడ్డు మీద, ఇంట్లోవాళ్లందరినీ ఎక్కించుకుని వెళ్తుండగా జరిగితే?

హెరాల్డు బ్రిటన్‌లో 1959లో పుట్టినా, మన దేశంలో మద్రాసు బండే. స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా 1961లో ఇక్కడ దీని తయారీ మొదలుపెట్టింది. 25 అడుగుల వెడల్పులో చక్కగా తిరిగిపోయే బండి కావడంతో ఇరుకు వీధులకు భలే నప్పేది. దీని ముందు చక్రాల అమరికనే ట్రయంఫ్ కంపెనీ 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ స్పోర్ట్స్ కారుకూ వాడింది. లోటస్ ఎలాన్ కూడా ఈ భాగాన్నే తీసుకుంది. అందుకే రోగం అన్నిటికీ ఒకటే.

మర దగ్గరే తిరకాసు

చాలా కార్లలో చక్రాన్ని మోసే నిలువు కమ్మీ పైనా, కిందా బాల్ జాయింట్లు ఉంటాయి. వీటిలో అలా కాదు. కమ్మీ కింది కొసకు బోల్టుకున్నట్టే మరలుంటాయి. అది ట్రనియన్ అనే కంచు దిమ్మలోకి బిగుస్తుంది. స్టీరింగు తిప్పిన ప్రతిసారీ ఆ ఉక్కు మర కంచులో తిరుగుతూ ఉండాల్సిందే. దానికి కావలసింది గేరుబాక్సుల్లో పోసే ఈపీ 90 రకం చిక్కటి నూనె. కానీ షెడ్డులో గ్రీజు నిపుల్ కనిపిస్తే చాలు, మేస్త్రీ చెయ్యి గ్రీజు గన్ మీదకే పోతుంది. గ్రీజు మరల లోపలి దాకా సరిగా పోదు. ఉన్నదేమో ఏళ్లు గడిచేకొద్దీ గట్టిపడుతుంది. పైనున్న రబ్బరు సీలు చినిగితే వాన నీళ్లు దిగి అక్కడే నిలుస్తాయి. ఉక్కును తుప్పు తినేస్తుంది. మర గాడిలో వెంట్రుకంత పగులు మొదలై, నెలల తరబడి లోపలికి పాకుతుంది. విరిగిన ముక్క చూస్తే సంగతి తెలిసిపోతుంది. పాత పగులు మేర నల్లగా, తుప్పుగా ఉంటుంది. చివరికి తెగిన చోటు మాత్రం మెరుస్తుంటుంది.

జాకీ ఎత్తి చక్రాన్ని పైనా, కిందా పట్టుకుని ఊపి చూడడం మంచిదే. ఇంకొకరిని బ్రేకు తొక్కమనాలి. అప్పుడు ఆట పోతే బేరింగుది. పోకపోతే ట్రనియన్‌దో, పై జాయింటుదో. అయితే దీనితో అరుగుదలే తెలుస్తుంది, పగులు తెలియదు. విప్పి మరలు కడిగి చూడాల్సిందే. రంగు ద్రవంతో చేసే పగుళ్ల పరీక్ష చేయిస్తే ఇంకా నయం.

బోల్టులోనూ చిక్కే

ట్రనియన్‌ను కింది చేతికి కలిపే అడ్డ బోల్టుది ఇంకో కథ. ఇది ఉక్కు గొట్టంలో తుప్పుతో అతుక్కుపోతుంది. సుత్తి దెబ్బలకు రాకపోతే గ్యాసుతో కాలుస్తారు. కాల్చిన బోల్టు మళ్లీ వాడితే ప్రాణాలతో చెలగాటమే. ఎందుకంటే దాని గట్టిదనం అప్పుడే పోయింది. పుదుపేటలో పొడవు సరిపోయిందని ఏదో ఒకటి తెచ్చి బిగించడమూ పొరపాటే. ఇవి అంగుళాల కొలతలో యూఎన్‌ఎఫ్ మరలు, మిల్లీమీటర్ల బోల్టు కుదరదు. తల మీద గట్టిదనం గుర్తు లేని బోల్టు అసలే వద్దు. బరువు పడే చోట నున్నటి కాండం ఉండాలి తప్ప మరలు ఉండకూడదు. నైలాన్ లాక్ నట్టు విప్పితే కొత్తది వేసుకోవాలి.

కొత్త కమ్మీ కొనేవాళ్లు ఎడమదా, కుడిదా అని చూసుకోవాలి. రెండు పక్కలా మరలు ఎదురెదురు దిశల్లో ఉంటాయి. బిగించేటప్పుడు చివరికంటా తిప్పి అక్కడే వదలకూడదు. రెండు వైపులా చక్రం పూర్తిగా మలిగేలా కాస్త వెనక్కి తిప్పాలి. తరవాత గ్రీజు గన్‌ను శుభ్రంగా కడిగి, నూనె నింపి, పై అంచున పొంగేదాకా కొట్టాలి. ఏడాదికోసారైనా, వానలకు ముందు ఈ పని చేసుకుంటే మంచిది. కింద నాలుగు చుక్కలు కారాయని కంగారుపడి మళ్లీ గ్రీజు పెట్టించొద్దు. కారుతోందంటే లోపల నూనె ఉన్నట్టే.