గుడ్డెలుగు చలికాలమంతా పడుకుంటదా?

చలిదేశాల ఎలుగుల్లా మన గుడ్డెలుగు నెలల తరబడి నిద్రపోదు బాస్! ఆదిలాబాద్‌లో చలి ఎంత వణికించినా చెదలు దొరుకుతూనే ఉంటయి. దానికి పైన ముందు పళ్లు రెండు ఉండవు. ఆ సందులోంచే పుట్టలోని చెదల్ని వాక్యూమ్ క్లీనర్‌లా పీల్చేస్తది.

మరి గుహలో ఉండేదెవరు? తల్లి. ఎక్కువగా చలికాలంలోనే బండల సందున ఒకటో రెండో పిల్లల్ని పెడుతుంది. వాటి కళ్లు తెరుచుకోవడానికే దాదాపు 3 వారాలు. 2, 3 నెలలకు తల్లి వీపెక్కి బయటికొస్తయి. సరిగ్గా ఇప్పపూలు రాలే టైమ్! తెల్లారకముందే మనోళ్లూ అక్కడికే పోతరు. పిల్లలతో ఉన్న ఎలుగు ఎదురుపడితే ఊరుకోదు. గుంపుగా, చప్పుడు చేసుకుంటూ పొమ్మనేది అందుకే.

కరీంనగర్ వైపు ఇంకో తంటా. గ్రానైట్ కోసం గుట్టను తొలిచేస్తే, బాలింత ఎలుగుకు మిగిలేది పొలాలూ, ఊళ్లే.