మట్‌లో ఉత్తరాలకు రంగులు

స్కాలర్‌షిప్, ఫీజు, ఇంటర్వ్యూ కబుర్లన్నీ ఇప్పుడు ఈ-మెయిల్‌లోనే వస్తున్నాయి. ప్రకటనల గుంపులో ఆఖరు తేదీ చెప్పే ఉత్తరం కలిసిపోతే, ఫీజు బరువు అమ్మానాన్నల మీద పడుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఏ ఉత్తరం ముందు చూడాలో చెప్పేవాళ్లు లేరు. ఆ పని మట్‌కు అప్పగించాను.

మట్ అనే మెయిల్ ప్రోగ్రాం 1995లో మైఖేల్ ఎల్కిన్స్ రాశారు. ఉచితం. బొమ్మలుండవు, లినక్స్ నల్ల తెరపై అక్షరాలే. ల్యాబ్‌లో మూలన పడేసిన పాత కంప్యూటర్‌లోనూ చకచకా నడుస్తుంది.

రంగుల ఆదేశాలు .మట్‌ఆర్‌సీ అనే ఫైలులో రాయాలి. అన్నీ ఇంగ్లీషులో, చిన్న అక్షరాలతో టైపు చేయండి:

కలర్ ఇండెక్స్ ఎల్లో బ్లాక్ "~ఎస్ స్కాలర్‌షిప్"

సబ్జెక్టులో ఆ మాట ఉన్న ఉత్తరం జాబితాలో నలుపు మీద పసుపుగా కనిపిస్తుంది. మాటంతా చిన్న అక్షరాల్లో రాస్తే, అవతలివాళ్లు పెద్ద అక్షరాల్లో రాసినా పట్టుకుంటుంది. మీరు ఒక్క పెద్ద అక్షరం వాడారా, అచ్చం అలా ఉంటేనే దొరుకుతుంది. ~ఎస్ బదులు ~బి పెడితే ఉత్తరం లోపలంతా వెతుకుతుంది. కానీ మెయిల్ సర్వర్‌లో ఉంటే ఒక్కో ఉత్తరాన్నీ దింపుకోవాలి. చిట్యాలకు వచ్చి ఫోన్ నెట్‌తో చూసేవాళ్లు దాని జోలికి పోకండి.

తెరిచిన ఉత్తరంలో ఒక్క మాటే మెరవాలంటే ఇండెక్స్ తీసి బాడీ అని రాసి, కొటేషన్ల మధ్య "లాస్ట్ డేట్" అన్న మాట మాత్రం పెట్టండి.

తెలుగు ఉత్తరాలు మాత్రం చాలా టెర్మినళ్లలో ఒత్తులు చెదిరి కనిపిస్తాయి. వాటిని నేను బ్రౌజర్‌లోనే చదువుకుంటాను.