మీకు తెలుసా? పన్ను పుచ్చడానికి పురుగు అక్కర్లేదు

బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో మొదలై 2015 డిసెంబరులో మూతపడింది. అక్కడ బస్తాలకెత్తిన చక్కెర అంతా సుక్రోజే. నోట్లోని స్ట్రెప్టోకోకస్ మ్యూటాన్స్ అనే సూక్ష్మజీవికి అంతకన్నా ఇష్టమైన మేత లేదు. 1924లో బ్రిటన్‌లో క్లార్క్ గుర్తించిన ఈ జీవి చక్కెరతో పంటికి అతుక్కునే జిగురు చేసుకుంటుంది, ఆమ్లం విడుస్తుంది. పీహెచ్ సుమారు 5.5 కన్నా దిగితే ఎనామెల్‌లోని ఖనిజాలు కరుగుతాయి. పన్నుకు పురుగు పట్టిందంటారు గానీ, జరిగేది ఇదే!

లాలాజలం ఆ నష్టాన్ని పూడ్చగలదు. అందుకు అరగంటో గంటో వ్యవధి ఇవ్వాలి. కాబట్టి భోజనంతోపాటు తిన్న లడ్డూ కన్నా, పొద్దంతా తాగే తీపి చాయ్‌లే ఎక్కువ చేటు.

మొదట కనిపించేది నల్ల మచ్చ కాదు, సుద్దలాంటి తెల్ల మచ్చ. ఆ దశలో ఫ్లోరైడ్‌తో ఆపొచ్చు, గుంత పడ్డాక ఫిల్లింగే దారి. పుచ్చు దవడ పళ్ల గాడుల్లో, పళ్ల సందుల్లో, పాత ఫిల్లింగ్ అంచుల్లో వస్తుంది. చిగుళ్లు జారిన పెద్దవాళ్లకు పంటి వేరు మీదా వస్తుంది. పాలసీసాతో నిద్రపోయే పసివాళ్లకు పై ముందుపళ్లే ముందుగా పాడవుతాయి. పడుకోబెట్టేటప్పుడు తీపి పాల సీసా నోట్లో పెట్టకండి.